నూట ఎనభై ఏళ్లు దాటినా వీడని చిక్కుముడి

* చుట్టల దుకాణంలో పనిచేసిన యువతి దారుణ మరణం
* నదిలో తేలిన మృతదేహం.. దొరకని హంతకుడు
* పోలీసు వ్యవస్థను, చట్టాన్ని కదిలించిన ఉదంతం

ఆదివారం ఉదయం బంధువుల ఇంటికని చెప్పి బయలుదేరిన యువతి బుధవారం నాడు నదిలో శవమై తేలింది. మెడకు బిగించిన లేసు, మణికట్లపై తాళ్ల గుర్తులు, చిరిగిన దుస్తులు.. హత్య జరిగిందనడానికి ఆనవాళ్లన్నీ ఉన్నాయి. పదుల సంఖ్యలో సాక్షులను విచారించారు. అనుమానితులను నిర్బంధించి విడిచిపెట్టారు. బహుమతులు ప్రకటించారు. అయినా ఆమెను బలిగొన్నదెవరో ఈనాటికీ తేలలేదు. 1841లో అమెరికాలోని న్యూయార్క్ నగరాన్ని కుదిపివేసిన మేరీ సిసిలియా రోజర్స్ ఉదంతమిది. నేర పరిశోధన చరిత్రలోను, పత్రికల చరిత్రలోను, అపరాధ పరిశోధక సాహిత్యంలోను దీనికి ప్రత్యేక స్థానం ఉంది. ఒక సామాన్య శ్రామిక యువతి మరణం ఇంతటి సంచలనానికి ఎందుకు దారితీసింది? హంతకుడు ఎందుకు చిక్కలేదు? ఆ తరువాత ఏ మార్పులు వచ్చాయి?

ఎవరీ మేరీ?

మేరీ రోజర్స్ 1820 ప్రాంతంలో కనెక్టికట్ రాష్ట్రంలో జన్మించినట్లు చరిత్రకారులు భావిస్తున్నారు. తండ్రి ఆవిరి పడవ ప్రమాదంలో మరణించడంతో తల్లి ఫీబీతో కలిసి బతుకుతెరువు కోసం న్యూయార్క్ చేరింది. 1840 జనాభా లెక్కల ప్రకారం ఆ నగర జనాభా మూడు లక్షల పైచిలుకు. పల్లెల నుంచి, ఐరోపా దేశాల నుంచి పని వెదుక్కుంటూ వచ్చేవారితో నగరం నానాటికీ విస్తరిస్తున్న కాలమది. పురుషులతో పాటు ఒంటరి యువతులు కూడా ఇంటిపనులకు, కుట్టుపనులకు, దుకాణాలలో కొలువులకు కుదురుతున్నారు.

బ్రాడ్‌వే వీధిలో జాన్ ఆండర్సన్ అనే వ్యాపారికి పొగాకు దుకాణం ఉండేది. చుట్టలు, నశ్యం, నమిలే పొగాకు అక్కడ విక్రయించేవారు. పత్రికా కార్యాలయాలు సమీపంలోనే ఉండటంతో విలేకరులు, రచయితలు, రాజకీయ నాయకులు నిత్యం వచ్చిపోయేవారు. పురుషులు మాత్రమే మసలే అటువంటి దుకాణంలో అందమైన యువతిని నిలబెడితే వ్యాపారం పుంజుకుంటుందని ఆండర్సన్ తలచాడు. అలా మేరీ ఆ కొలువులో చేరింది. కొద్ది నెలలలోనే ‘చుట్టల దుకాణం అందగత్తె’గా నగరమంతటా పేరు మోగింది. నవలా రచయిత జేమ్స్ ఫెనిమోర్ కూపర్ వంటి ప్రముఖులు సైతం ఆ దుకాణానికి వచ్చేవారని చెబుతారు. ఆ గుర్తింపు వల్ల లాభపడినది దుకాణ యజమాని. ఆమెకు మిగిలినది నలుగురి నోళ్లలో నానే పేరు మాత్రమే.

1838 అక్టోబరులో మేరీ కనిపించడం లేదని, ఆత్మహత్య చేసుకోబోతున్నట్లు ఉత్తరం రాసి వెళ్లిందని ‘సన్’ పత్రిక వార్త ప్రచురించింది. అంతలోనే ఆమె క్షేమంగా తిరిగివచ్చింది. అదంతా కల్పిత వార్త అని మరో పత్రిక ఖండించింది. తరువాత ఆమె పొగాకు దుకాణం మానివేసింది. నాసా వీధిలో తల్లి నిర్వహిస్తున్న పూటకూళ్ల ఇంట్లో చేదోడుగా ఉంటూ వంట, శుభ్రత, బసదారుల అవసరాలు చూసుకునేది. ఆ ఇంట్లోనే బస చేస్తున్న డేనియల్ పేన్‌తో వివాహం నిశ్చయమైంది. సీసాల బిరడాలు కోయడం అతని వృత్తి.

ఆ ఆదివారం ఏం జరిగింది?

1841 జూలై 25, ఆదివారం. ఉదయం పది గంటల వేళ మేరీ, పేన్ గది తలుపు తట్టి, జేన్ వీధిలోని పినతల్లి డౌనింగ్ ఇంటికి వెళుతున్నానని చెప్పింది. సాయంత్రం తాను ఎదురువచ్చి వెంటబెట్టుకు వస్తానని అతడన్నాడు. సాయంత్రానికి పెనుగాలితో కూడిన వర్షం కురిసింది. ఆ వానలో రాలేక మేరీ పినతల్లి ఇంట్లోనే ఉండిపోయి ఉంటుందని పేన్ అనుకున్నాడు. సోమవారం కూడా రాకపోవడంతో ఆరా తీయగా, అసలు ఆమె అక్కడికి వెళ్లనేలేదని తేలింది. పత్రికలో ప్రకటన ఇచ్చినా ఆచూకీ దొరకలేదు.

జూలై 28, బుధవారం. హడ్సన్ నదికి ఆవలి ఒడ్డున, న్యూజెర్సీ రాష్ట్రంలోని హోబోకెన్ వద్ద సిబిల్ గుహ సమీపంలో నీటిపై ఒక మృతదేహం కనిపించింది. వేసవిలో నగరవాసులు పడవలపై నది దాటి వచ్చి చెట్ల నీడన సేదదీరే ప్రాంతమది. అక్కడున్నవారు పడవలో వెళ్లి దేహాన్ని ఒడ్డుకు చేర్చారు. మేరీని వెదుకుతూ అదే సమయంలో అక్కడికి వచ్చిన ఆల్ఫ్రెడ్ క్రోమెలిన్ ఆమెను గుర్తుపట్టాడు. ఇతడు ఒకప్పుడు పూటకూళ్ల ఇంట్లో బస చేసినవాడు, ఆమెను వివాహమాడాలని ఆశపడినవాడు. అదృశ్యానికి కొద్దిరోజుల ముందు మేరీ తన కోసం వచ్చి, తాను లేకపోవడంతో తలుపు తాళపు రంధ్రంలో గులాబీని ఉంచి వెళ్లిందని అతడు వెల్లడించాడు. ఆమె ఏదో సాయం కోరి వచ్చిందా అన్న ప్రశ్నకు సమాధానం లేదు.

వైద్యుని వాంగ్మూలం

అక్కడి కరోనర్ డాక్టర్ రిచర్డ్ కుక్ అదే సాయంత్రం శవ పరీక్ష జరిపాడు. మెడపై వేళ్ల గుర్తులున్నాయి. దుస్తుల నుంచి చింపిన లేసు ముక్క మెడ చుట్టూ మాంసంలోకి దిగబడేంత గట్టిగా బిగించి ఉంది. చేతులు కట్టివేసిన గుర్తులున్నాయి. పై గౌను నుంచి చీల్చిన వెడల్పాటి పేలికను నడుముకు చుట్టి ముడి వేశారు. దేహాన్ని ఈడ్చుకుపోవడానికి అది పిడిలా ఉపయోగపడి ఉంటుందని భావించారు. టోపీ నాడాల ముడి స్త్రీలు వేసే తీరులో కాక, ఓడ సరంగులు వేసే తీరులో ఉందని కుక్ చెప్పాడు. యువతిపై ఒకరికి మించిన వ్యక్తులు అత్యాచారం జరిపి, గొంతు నులిమి చంపారని ఆయన నిర్ధారణ. ఆమె గర్భవతి అనడానికి ఆనవాళ్లు లేవని కూడా ఆయన పేర్కొన్నాడు.

ఎండలు తీవ్రంగా ఉండటంతో మృతదేహాన్ని హడావుడిగా హోబోకెన్‌లోనే పూడ్చిపెట్టారు. రెండు వారాల తరువాత, ఆగస్టు 11న వెలికితీసి న్యూయార్క్ తరలించి మరల పరీక్షించారు. అప్పటికి దేహం గుర్తించలేనంతగా పాడైపోయింది. దుస్తులను చూసి తల్లి ఆమె తన కుమార్తేనని ధ్రువీకరించింది. అత్యంత విలువైన తొలి రోజులు ఈ విధంగా వృథా అయ్యాయి.

ఎవరి పరిధి? ఎవరి బాధ్యత?

దర్యాప్తు ఆదిలోనే తడబడటానికి ముఖ్య కారణం పరిధి వివాదం. మేరీ నివసించినది న్యూయార్క్‌లో. మృతదేహం దొరికినది న్యూజెర్సీలో. హత్య ఎక్కడ జరిగిందో తెలియదు. దర్యాప్తు మీదంటే మీదని రెండు రాష్ట్రాల అధికారులు తాత్సారం చేశారు. స్టేషన్ల హద్దు తగాదాలతో కేసులు మూలనపడటం మన పాఠకులకు తెలియనిది కాదు. నాటి న్యూయార్క్ ఇందుకు భిన్నం కాదు.

అంతకు మించి, నేడు మనం ఎరిగిన అర్థంలో పోలీసు శాఖ అనేదే ఆనాడు ఆ నగరానికి లేదు. లండన్‌లో 1829లోనే మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడినా, న్యూయార్క్ పాత పద్ధతినే అనుసరిస్తోంది. పగటిపూట కొద్దిమంది కానిస్టేబుళ్లు, మార్షల్స్ ఉండేవారు. వారికి నికరమైన జీతం లేదు. కోర్టు నోటీసులు అందజేసినందుకు రుసుము, పోయిన సొమ్ము పట్టి ఇచ్చినందుకు సొమ్ముదారుడి నుంచి బహుమతి.. ఇదే వారి రాబడి. రాత్రి గస్తీవారిలో చాలామంది పగలు వేరే పనులు చేసుకుని, రాత్రి నిద్రమత్తులో విధులకు వచ్చేవారు. దొంగ సొత్తు పట్టుకుంటే ప్రతిఫలం దక్కుతుంది. పేదరాలి హత్యను ఛేదిస్తే దక్కేదేమీ లేదు. పత్రికల ఒత్తిడి పెరిగాక పౌరులు సభ జరిపి చందాలు పోగుచేసి బహుమతి ప్రకటించారు. గవర్నర్ విలియం సెవార్డ్ కూడా ప్రభుత్వం తరఫున బహుమతి ప్రకటించారు.

పత్రికల హోరు

అప్పటికి న్యూయార్క్‌లో ఒక్క సెంటుకే పత్రిక అమ్మే ధోరణి మొదలై ఎనిమిదేళ్లయింది. 1833లో ‘సన్’, 1835లో ‘హెరాల్డ్’, 1841 ఏప్రిల్‌లో ‘ట్రిబ్యూన్’ వెలువడ్డాయి. వీధుల్లో కేకలు వేసి అమ్ముకునే ఈ పత్రికలకు సంచలన వార్తలే ప్రాణం. మేరీ ఎవరో విలేకరులకు ముందే తెలుసు. దుకాణంలో స్వయంగా చూసినవారు అనేకులు. దాంతో వార్త దావానలంలా వ్యాపించింది. హెరాల్డ్ సంపాదకుడు జేమ్స్ గోర్డన్ బెన్నెట్ అధికారుల అలసత్వంపై నిప్పులు చెరిగాడు. శాంతిభద్రతలు క్షీణించాయని, రౌడీ మూకలు పేట్రేగుతున్నాయని ధ్వజమెత్తాడు.

ఈ ఒత్తిడి వల్ల దర్యాప్తు కదిలిన మాట వాస్తవం. అదే సమయంలో పుకార్లు, ఊహాగానాలు వాస్తవాలతో కలిసిపోయాయి. దొరికిన దేహం మేరీది కానేకాదని, ఆమె బతికే ఉందని ఒక పత్రిక వాదించింది. ఆమె నడవడిపై రకరకాల కథనాలు అల్లారు. దుకాణంలో పనిచేయడమే ఆమె తప్పయినట్లు, యువతులు ఇల్లు దాటితే ఇదే గతి అన్నట్లు నీతులు బోధించినవారూ ఉన్నారు. ప్రాణం కోల్పోయిన ఆమెకు తన మాట చెప్పుకునే అవకాశం లేకపోయింది.

చిక్కినవారు.. విడుదలైనవారు

అధికారుల చూపు మొదట కాబోయే భర్త పేన్‌పై పడింది. ఆదివారమంతా తాను ఎక్కడెక్కడ ఉన్నదీ అతడు సాక్షులతో సహా వివరించడంతో వదిలివేశారు. పూటకూళ్ల ఇంట్లో గతంలో బస చేసిన విలియం కీకక్ అనే నావికుడిని పట్టుకున్నారు. సరంగు ముడి కారణంగా అతనిపై అనుమానం బలపడింది. అతడూ ఆ సమయంలో వేరేచోట ఉన్నట్లు తేలింది.

జోసెఫ్ మోర్స్ అనే చెక్క అచ్చుల చిత్రకారుడి వ్యవహారం మరీ విచిత్రం. మేరీ అదృశ్యమైన ఆదివారం అతడు వేరొక యువతితో విహారానికి వెళ్లాడు. ఇంట్లో భార్యతో కలహించి, కొట్టి, ఊరు విడిచి పారిపోయాడు. మసాచుసెట్స్‌లో పట్టుబడ్డాడు. తనతో వచ్చిన యువతే హత్యకు గురైందేమోనని మొదట అతడే భయపడినట్లు చెబుతారు. చివరకు ఆ యువతి సజీవంగా ముందుకు రావడంతో అతడు బయటపడ్డాడు.

పొదల్లో దుస్తులు

ఆగస్టు నెలాఖరులో కేసు కొత్త మలుపు తిరిగింది. హోబోకెన్‌కు ఎగువన వీహాకెన్ వద్ద ఫ్రెడెరికా లాస్ అనే మహిళ సత్రం నడిపేది. సమీపంలోని దట్టమైన పొదల మధ్య ఆమె కుమారులకు తెల్లని లోపావడా, పట్టు కండువా, ఎండ గొడుగు, ‘ఎం.ఆర్.’ అనే అక్షరాలున్న చేతిరుమాలు దొరికాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక యువతి చామనఛాయ యువకుడితో తన సత్రానికి వచ్చిందని, నిమ్మరసం తాగి వెళ్లారని, చీకటిపడ్డాక ఒక కేక వినిపించిందని లాస్ చెప్పింది. ఆనాడు రౌడీ మూక ఒకటి ఆ పరిసరాల్లో వీరంగం చేసిందనీ చెప్పింది.

మూక చేతిలోనే మేరీ బలైందన్న వాదనకు దీంతో బలం చేకూరింది. అయితే సందేహాలూ తలెత్తాయి. సత్రానికి అంత దగ్గరలో, పిల్లలు తిరిగే చోట, ఆ వస్తువులు నెల రోజులపాటు ఎవరి కంటా పడకుండా ఎలా ఉన్నాయి? ఎవరైనా తరువాత తెచ్చి పెట్టారా? ఈ ప్రశ్నలు అలాగే మిగిలాయి.

అక్టోబరు 7న మరో విషాదం చోటుచేసుకుంది. మద్యానికి బానిసైన పేన్ నది దాటి వెళ్లి, సిబిల్ గుహ సమీపంలో ప్రాణాలు తీసుకున్నాడు. నల్లమందుతో చేసిన ద్రావకాన్ని సేవించినట్లు తేలింది. తన వ్యర్థ జీవితాన్ని దేవుడు క్షమించాలని కోరుతూ రాసిన చీటీ అతని వద్ద దొరికింది. అది నేరాంగీకారమా, కేవలం దుఃఖమా అన్నది తేల్చి చెప్పలేని విషయం.

మరణశయ్యపై మాట

1842 నవంబరులో ఫ్రెడెరికా లాస్ మరణించింది. కుమారుని చేతిలోని తుపాకీ ప్రమాదవశాత్తు పేలి ఆమె గాయపడింది. అవసాన దశలో ఆమె అసలు రహస్యం బయటపెట్టిందని ట్రిబ్యూన్ ప్రచురించింది. ఆ కథనం ప్రకారం మేరీ ఒక యువ వైద్యునితో కలిసి గర్భస్రావం కోసం సత్రానికి వచ్చింది. ఆ ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయింది. దేహాన్ని నదిలో పడవేసి, దుస్తులను తొలుత వేరేచోట దాచి తరువాత పొదల్లో ఉంచారు.

సంచలనం రేపిన ఈ కథనం న్యాయస్థానంలో రుజువు కాలేదు. ఆ వైద్యుడెవరో తేలలేదు. గర్భస్రావాలు చేయడంలో నాడు పేరుమోసిన మేడమ్ రెస్టెల్‌తో ఈ మరణానికి సంబంధం ఉందని పత్రికలు రాసినా ఆధారం ఒక్కటీ దొరకలేదు. పైగా ఈ వాదన డాక్టర్ కుక్ నివేదికకు పొసగదు. శస్త్రచికిత్స వికటించి మరణిస్తే మెడపై వేళ్ల గుర్తులు, బిగించిన లేసు ఎలా వచ్చాయి? నేరాన్ని మూక మీదకు నెట్టేందుకు తరువాత కల్పించారా? కుక్ పరీక్షలోనే పొరపాటు జరిగిందా? నిపుణులు నేటికీ రెండుగా చీలి ఉన్నారు.

కథలోకి ఎక్కిన కేసు

అపరాధ పరిశోధక కథకు ఆద్యుడిగా పేరొందిన ఎడ్గార్ అలన్ పో ఈ ఉదంతాన్ని ‘ది మిస్టరీ ఆఫ్ మేరీ రోజే’ పేరిట కథగా మలిచాడు. న్యూయార్క్‌ను పారిస్‌గా, హడ్సన్‌ను సీన్ నదిగా మార్చి, తన కల్పిత పరిశోధకుడు డూపిన్ చేత పత్రికా కథనాలను ఒక్కొక్కటిగా తర్కింపజేశాడు. నిజంగా జరిగిన హత్యను ఛేదించేందుకు రాసిన తొలి పరిశోధక కథగా దీనిని పరిగణిస్తారు. మూక వాదాన్ని పో కొట్టివేశాడు. మేరీకి పరిచయస్థుడైన ఒక నావికాదళ వ్యక్తే హంతకుడన్న దిశగా కథను నడిపించాడు.

1842 నవంబరు, డిసెంబరు సంచికల్లో రెండు భాగాలు వెలువడే వేళకే లాస్ ఉదంతం పత్రికలకెక్కింది. మూడో భాగం జనవరిలో రావలసి ఉండగా, 1843 ఫిబ్రవరిలో వచ్చింది. 1845లో కథల సంపుటిలో చేర్చినప్పుడు గర్భస్రావ వాదనకూ చోటు ఉండేలా పో కొన్ని వాక్యాలను మార్చాడు. ఫిలడెల్ఫియాలో కూర్చుని పత్రికలు చదివి రాసిన ఆయన కథ కేసును ఛేదించలేదు. పత్రికలో అచ్చయినదంతా సత్యం కాదని, ప్రతి వివరాన్నీ పరీక్షించి చూడాలని మాత్రం పాఠకులకు నేర్పింది.

హంతకుడు చిక్కకున్నా..

మేరీ మరణం నగర పాలనలోని లోపాలను బట్టబయలు చేసింది. జీతం, శిక్షణ, బాధ్యత గల పోలీసు దళం కావాలన్న డిమాండుకు ఈ ఘటన ఊతమిచ్చింది. 1844లో న్యూయార్క్ శాసనసభ చట్టం చేయగా, 1845లో పూర్తికాలపు పోలీసు దళం ఏర్పడింది. పాత గస్తీ పద్ధతి ముగిసింది.

ఈ ఘటనలు రేపిన కలవరం మధ్యనే 1845లో గర్భస్రావంపై మరింత కఠినమైన చట్టం వచ్చింది. గర్భస్రావం కోరిన స్త్రీని సైతం శిక్షార్హురాలిని చేసింది. ఒక యువతి మరణంపై పెల్లుబికిన సానుభూతి, చివరకు అటువంటి కష్టంలో ఉన్న ఇతర స్త్రీలపై శిక్షగా పరిణమించడం ఈ ఉదంతంలో గమనించదగిన అంశం.

మన దేశంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. 1868లో కలకత్తాలోని అమ్హర్స్ట్ వీధిలో రోజ్ బ్రౌన్ అనే యువతి హత్యకు గురైంది. ఆ ఘటన రేపిన అలజడి దరిమిలా అదే ఏడాది నవంబరులో కలకత్తా పోలీసులు ప్రత్యేక డిటెక్టివ్ విభాగాన్ని నెలకొల్పారు.

కాలక్రమం ఇదీ..

* 1838 అక్టోబరు: మేరీ అదృశ్యమైందంటూ తొలి వార్త, వెంటనే రాక
* 1841 జూలై 25: ఇంటి నుంచి బయలుదేరిన మేరీ
* 1841 జూలై 28: హోబోకెన్ వద్ద మృతదేహం లభ్యం
* 1841 ఆగస్టు నెలాఖరు: వీహాకెన్ పొదల్లో దుస్తులు లభ్యం
* 1841 అక్టోబరు 7: డేనియల్ పేన్ ఆత్మహత్య
* 1842 నవంబరు: ఫ్రెడెరికా లాస్ మృతి, పో కథ ప్రచురణ ప్రారంభం
* 1845: న్యూయార్క్‌లో పూర్తికాలపు పోలీసు దళం, కొత్త గర్భస్రావ చట్టం

నేటికీ అన్వేషణే

మేరీకి కొలువిచ్చిన జాన్ ఆండర్సన్ పొగాకు వ్యాపారంలో కోట్లకు పడగలెత్తి 1881లో మరణించాడు. అతని వీలునామాపై వారసుల మధ్య నడిచిన వ్యాజ్యంలో ఒక సంగతి బయటపడింది. మేరీ ఆత్మ తనతో మాట్లాడుతుందని ముసలితనంలో అతడు చెప్పుకునేవాడని సాక్షులు తెలిపారు. హత్యతో అతనికి సంబంధం ఉన్నట్లు ఏనాడూ రుజువు కాలేదు.

చరిత్రకారిణి ఏమీ గిల్మన్ స్రెబ్నిక్ 1995లోను, రచయిత డేనియల్ స్టాషోవర్ 2006లోను ఈ కేసుపై పుస్తకాలు వెలువరించారు. దేహం నుంచి సేకరించిన నమూనాలు, భద్రపరచిన దుస్తులు, వేలిముద్రలు వంటివేవీ లేనందున ఆధునిక శాస్త్రం సైతం ఇక్కడ చేయగలిగింది స్వల్పం. మిగిలినవి పాత పత్రికల ప్రతులు, కొన్ని వాంగ్మూలాలు మాత్రమే. పత్రికలు, రచయిత, వ్యాపారి, శాసనకర్తలు.. అందరూ ఆమె పేరును ఏదో విధంగా వినియోగించుకున్నారు. తాళపు రంధ్రంలో గులాబీ ఉంచిన నాడు ఆమె చెప్పదలచిన మాట ఏమిటో వినేందుకు మాత్రం ఆ గదిలో ఎవరూ లేకపోయారు.